మూడో సీజన్ చివరెందుకు

అబద్ధం వల్ల మంచి జరిగితే ఆ మంచి అబద్ధాన్ని కడిగేస్తుందా, లేక మంచి మంచిగానే, అబద్ధం అబద్ధంగానే పక్కపక్కన ఉండిపోతాయా?

ఎనిమిదేళ్ళుగా అతనికి ఈ అనుమానం. పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు రోజూ ఒకసారి అడిగేవాడు. దేవుడు ఏమీ అనేవాడు కాదు. అడిగినవాడు కూడా జవాబు కోసం ఎక్కువసేపు నిలబడేవాడు కాదు. ఈలోగా వెనకనుంచి భార్య గొంతు వినబడేది. "ఏమండీ, దేవుడితో మీ మాటలు అయిపోతే ఆ బాత్రూమ్ లైటు ఆర్పండి."

అతను లైబ్రరీలో డిస్కుల విభాగం చూసుకునే గుమాస్తా. ఆ అబద్ధం ఆడింది ఈ భార్యతోనే. అప్పటికి ఆమె భార్య కాదు. వానలో తడిసి వచ్చిన ఒక కొత్త మనిషి.

ఆ రోజు వాన అడ్డంగా కొడుతోంది. గొడుగు ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ తేడా లేదు. ఆమె గొడుగుని తలుపు దగ్గర నిలబెట్టి, చేతులు తుడుచుకుంటూ నేరుగా అతని బల్ల దగ్గరికి వచ్చింది. గోళ్ళ కింద గులాబీరంగు ఏదో ఇరుక్కుని ఉంది. గోళ్ళకి రంగు వేసుకోవడం రాక పైన వేసుకోవాల్సింది కింద వేసుకుందేమో అనుకున్నాడతను. అది మైనమనీ, ఆమె కట్టుడు పళ్ళు తయారు చేసే ల్యాబులో పని చేస్తుందనీ, పళ్ళ సెట్టుకి చిగుళ్ళు మలిచేది ఆ మైనంతోనేననీ తరవాత తెలిసింది.

వాళ్ళ నాన్న లిఫ్టు మెకానిక్. ముప్ఫై ఏళ్ళు ఊరి జనాన్ని ఏ మెట్టూ ఎక్కనవసరం లేకుండా పైకి చేర్చిన మనిషి, రిటైరైన ఏడాదికి సొంత ఇంటి మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. అంతకు ముందు ఏడాదే భార్య పోయింది. అప్పుడు మాట తగ్గింది, ఇప్పుడు కదలిక తగ్గింది. టీవీలో ఏది పెట్టినా గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు. ఒకప్పుడు అంతరిక్షం కథలంటే చెవి కోసుకునేవాడట. అందుకని ఆమె 'సుదూరం' కోసం వచ్చింది.

'సుదూరం' దారి తప్పిన ఓడ కథ. భూమిని వదిలి కొత్త గ్రహం వెతుక్కుంటూ పోయే ఓడ, దానికో కెప్టెనమ్మ, దారి లెక్కలు కట్టే ఒక ముసలాయన. మొత్తం మూడు సీజన్లు, మూడు సినిమాలు. ఏది ముందు, ఏది వెనక అన్నది డబ్బాల మీద చూద్దామంటే, ఏళ్ళు వేసిన చోటే లైబ్రరీవాళ్ళు స్టిక్కర్లు అంటించి పెట్టారు.

ఏ వరసలో చూడాలని ఆమె అడిగింది. అతను డబ్బాలు అటూ ఇటూ తిప్పాడు.

"మీరు చూశారా అసలు?" అంది ఆమె. "లేక వీటికి కాపలా మాత్రమేనా?"

పక్క బల్ల దగ్గర పెద్దమేడం, అంటే ఆ లైబ్రరీకి పెద్ద, రాస్తున్న కలం ఆపి చూసింది. మేడం అలా చూడకపోయినా, అడిగిన అమ్మాయి కళ్ళు అలాంటివి కాకపోయినా, అతను నిజమే చెప్పి ఉండేవాడేమో. అతను ఇంట్లో చూసేది వంటల కార్యక్రమాలు. 'సుదూరం' ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు.

"రెండుసార్లు చూశాను," అన్నాడు.

అని, పక్కనున్న పెద్ద రిజిస్టర్ తెరిచాడు. లైబ్రరీకి ఏ వస్తువు వచ్చినా ఆ రిజిస్టర్లో ఒక గీత మీదికి ఎక్కుతుంది, దానికో నంబరు పడుతుంది. అతనికి తెలిసిన వరస అదొక్కటే. ముందు తీసినవి ముందు కొని ఉంటారు, వెనక తీసినవి వెనక కొని ఉంటారు, అంతే కదా అనుకున్నాడు. వేలు పెట్టి కిందికి దిగుతూ చీటీ మీద రాశాడు. రెండో సినిమా, మొదటి సీజన్, రెండో సీజన్, మొదటి సినిమా, మూడో సినిమా, ఆఖరున మూడో సీజన్.

ఆమె చీటీ చదివి, రెండో సినిమా మొదట ఎందుకని అడిగింది.

"చూస్తే మీకే తెలుస్తుంది," అన్నాడు, చాలా గంభీరంగా.

రిజిస్టర్లో రెండో సినిమా మొదట ఉండడానికి కారణం ఏ గంభీరమైనదీ కాదు. ఎవరో ఇల్లు మారుతూ ఆ ఒక్క డిస్కు లైబ్రరీకి ఇచ్చేసి పోయారు. మిగతావి తరవాత కొన్నారు. ఇక మూడో సీజన్ మొదటి కాపీ మీద గీతలు పడి ఆడడం మానేస్తే, దాన్ని కొట్టేసి కొత్తది తెప్పించారు. కొత్తదానికి చివరి నంబరు పడింది. కథ అంతే. ఇదంతా ఆమె వెళ్ళాక, పని లేని మధ్యాహ్నం, రిజిస్టర్ మళ్ళీ తిరగేస్తే అతనికి తెలిసింది. తెలిసిన క్షణం నుంచీ సిగ్గు మొదలైంది. పరిగెత్తి చెబుదామంటే ఆమె ఇల్లు ఎక్కడో తెలుసు, కార్డు మీద రాసి ఉంది. కాళ్ళు మాత్రం లేవలేదు.

మూడో రోజు ఆమే వచ్చింది. బయట వాన లేదు, ఉరుము ఆమె ముఖంలో ఉంది.

తన ల్యాబులో ఒకామె ఆ చీటీ చూసి పగలబడి నవ్విందట. రెండో సినిమా ఐదోదిగా వచ్చిందట. కుర్రతనంలో లెక్క తప్పు కట్టి ఓడని దారి తప్పించింది ఆ ముసలాయనేనని అందులో చెప్పేస్తారట. మూడు సీజన్లు దాచి పెట్టిన రహస్యాన్ని మొదటి రోజే విప్పి చేతిలో పెట్టిన మహానుభావుడెవరే అని అడిగిందట.

"చెప్పండి, మహానుభావుడుగారూ," అంది ఆమె. "మా పనిలో ముందు అచ్చు తియ్యాలి, తరవాత మైనం, తరవాత పన్ను. ఒక్కటి అటూ ఇటూ అయితే నోట్లో పట్టదు. మీ దాంట్లో వరసకి విలువ లేదా?"

ఇప్పుడు చెప్పొచ్చు. తప్పయింది, చూడలేదు, రిజిస్టర్ చూసి రాశాను అంటే సరిపోయేది. ఆమె తిట్టి, డిస్కులు బల్ల మీద పడేసి వెళ్ళిపోయేది. ఆ వెళ్ళిపోవడం ఒక్కటీ కళ్ళ ముందు ఆడింది అతనికి.

"మనిషి చేసిన తప్పు ముందే తెలిస్తే, అతన్ని చివరిదాకా జాగ్రత్తగా చూస్తాం," అన్నాడు. "రహస్యం కోసం చూడ్డం వేరు, మనిషి కోసం చూడ్డం వేరు."

ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే తెలియదు. ఆమె కోపం సగంలో ఆగిపోయింది. చీటీని మళ్ళీ ఒకసారి చూసుకుని, మడిచి, పర్సులో పెట్టుకుని, మొదటి సీజన్ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత అన్ని వారాలూ ఆ పర్సులోనే ఉంది ఆ చీటీ.

తరవాత వారం ఆమె నవ్వుతూ వచ్చింది. వాళ్ళ నాన్న గోడ వైపు నుంచి ఇటు తిరిగాడట. ముసలాయన తెర మీదికి వచ్చినప్పుడల్లా, పాపం, చూడు, లోపల ఎంత పెట్టుకుని తిరుగుతున్నాడో అంటున్నాడట. ఏడాది తరవాత ఇన్ని మాటలు వినడం ఇదే మొదలట.

అలా వారానికొకసారి. ఒక డబ్బా ఇవ్వడం, ఒక డబ్బా తీసుకోవడం. పది నిమిషాలు పట్టే పనికి గంట పట్టసాగింది. ఎప్పుడూ రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంటాడని ఆమె అతన్ని రిజిస్టరుగారూ అని పిలిచేది. అతనికి ఆ పిలుపు వినబడినప్పుడల్లా ఒళ్ళు జలదరించేది. కథ తెలియక తల ఊపీ ఊపీ మెడ నొప్పి పుట్టేది. "ఆ తుఫాను ఎపిసోడ్ ఉంది చూడండీ," అని ఆమె అంటే, "దాని గురించి మీరేమనుకున్నారో ముందు చెప్పండి," అనేవాడు. ఆమె చెప్పేది. ఆ చెప్పిందే మరో వారం తన మాటగా చెప్పేవాడు. మీరూ నేనూ ఒకలాగే ఆలోచిస్తామండీ అని ఆమె ఆశ్చర్యపోయేది. పెద్దమేడం కళ్ళజోడు మీదినుంచి చూసి, ఈ విభాగానికి ఇంత ఆదరణ ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదయ్యా, మరో కుర్చీ వేయించనా అని అడిగేది.

ఆమె తిరిగిచ్చినవి దొంగతనంగా అయినా చూసేద్దామంటే అతని ఇంట్లో టీవీ తప్ప డిస్కు ఆడించే ప్లేయర్ లేదు.

మూడో నెలలో ఆమె ఇంటికి పిలిచింది. వాళ్ళ నాన్న వాకర్ పట్టుకుని తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ముందు లైబ్రరీ లిఫ్టు గురించి అడిగాడు. నాలుగో అంతస్తు దగ్గర కుదుపు ఇస్తోందా అన్నాడు. ఇస్తోందన్నాడు ఇతను. అది తన చేతి పని కాదని చెప్పి తృప్తిపడ్డాక, అసలు సంగతి ఎత్తాడు.

మూడో సినిమా చివర ఓడ చేరుతుంది. చేరే ముందు రోజు ముసలాయన పోతాడు. అది చూసి తను రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. తరవాత కూతురు మూడో సీజన్ పెట్టింది. మొదటి ఎపిసోడ్లోనే ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని, గొణుక్కుంటూ నడిచి వచ్చాడు. కథలో అది అంతకు ముందు జరిగిన సంగతే. కానీ పోయినవాడు ఇంకో పదమూడు ఎపిసోడ్లు తన గదిలో తిరిగాడు.

"ఎవడైనా మూడో సీజన్ చూసి మూడో సినిమా చూస్తాడు. నువ్వు తిరగేశావు," అన్నాడాయన. "మూడో సీజన్ చివరెందుకు పెట్టావు బాబూ?"

ఎదురుగా కూర్చున్న మనిషి నవ్వడం లేదు. దాహమేసినవాడు అడిగినట్టు అడుగుతున్నాడు. ఆ ముఖం చూస్తూ ఇంకో మాట కల్పించడానికి ఇతనికి నోరు రాలేదు. నిజం చెప్పడానికీ రాలేదు.

"తరవాత చెప్తానండీ," అన్నాడు.

"చెప్పు మరి. నీ మాట బాకీ," అన్నాడు ఆయన.

నెల తిరక్కుండా, లైబ్రరీ మెట్ల మీద, సన్నని తుంపరలో, ఆమే మాట కదిపింది. అతను గొడుగు విప్పడానికి తంటాలు పడుతున్నాడు. ఆమె గొడుగు లాక్కుని విప్పి ఇద్దరి మీదా పట్టుకుంది.

"మా నాన్న దుఃఖానికి ఏది ముందు, ఏది వెనక ఇవ్వాలో ముక్కూ ముఖం తెలియకుండానే మీకు తెలిసింది," అంది. "అలాంటి మనిషిని వదులుకుంటే నా అంత తెలివితక్కువది ఉండదు. మీకు ఇష్టమేనా?"

ఇష్టమే. ప్రాణం పెట్టేంత ఇష్టం. ఇష్టమని చెప్పాడు. అంతకు ముందు ఆమె అన్న మాట గురించి మాత్రం నోరెత్తలేదు. గొడుగు అంచు నుంచి కారే నీళ్ళు భుజం మీద పడుతుంటే, ఈమె గొడుగు పట్టింది నాకు కాదు, నేననుకుంటున్న ఇంకెవరికో అనుకున్నాడు.

పెళ్ళయింది. పెద్దమేడం ఆ ఏడాది రిజిస్టర్లో కొత్త చేరికలు రెండు, పెళ్ళికొడుకొకటి పెళ్ళికూతురొకటి అని అందరికీ చెప్పుకుంది. పెళ్ళయిన మొదటి వానాకాలంలో భార్యాభర్తలిద్దరూ కూర్చుని 'సుదూరం' మొదటినుంచీ, అదే వరసలో చూశారు. ఆమెకి రెండోసారి, అతనికి మూడోసారి అని ఆమె లెక్క. తుఫానులో ఓడ రెక్క విరిగినప్పుడు అతను సోఫా మీద అడుగు ఎత్తు ఎగిరాడు. ముసలాయన పోయినప్పుడు తువ్వాలు తడిసింది. మూడోసారి చూసేవాళ్ళు కూడా ఇంత ఉలిక్కిపడతారా అని ఆమె నవ్వింది. గొప్ప కథలు అంతే కదా అన్నాడు అతను. అని, మొహం కడుక్కోవడానికి వెళ్ళి, అద్దంలో తనని తాను చూసుకోలేక లైటు ఆర్పేశాడు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. అందులో సుఖం లేదని కాదు. ఉంది కాబట్టే బాధ. ఎప్పుడు చెబుదామన్నా, ఈ ఇల్లంతా దాని మీదే నిలబడి ఉన్నట్టు అనిపించేది.

ఇంతలో డిస్కుల విభాగం ఎత్తేస్తున్నారన్నారు. ఇప్పుడు డిస్కులు ఎవరు చూస్తున్నారు కనుక. ఉత్తినే మూసెయ్యడం ఎందుకని పెద్దమేడం ఆదివారం పొద్దున ఒక చిన్న సభ పెట్టింది. ఊళ్ళో 'సుదూరం' అభిమానులు బాగానే ఉన్నారు. ఏ వరసలో చూస్తే మేలు అన్నదే విషయం. విడుదలైన వరస గురించి ఒక లెక్కల మాస్టారు, కథ జరిగిన వరస గురించి మందుల షాపాయన మాట్లాడతారు. మూడో వరస గురించి మాట్లాడేది అతని భార్య. 'మా ఆయన వరస' అని ఆమె అభిమానుల గుంపులో రెండేళ్ళుగా గోడలు బద్దలయ్యేలా వాదిస్తోంది. మూడో సీజన్ చివర చూడమనడం పిచ్చితనమన్న మాస్టారిని, పిచ్చి కాదు, అది తెలిసిన మనిషి ఆలోచించి పెట్టిన వరస అని నోరు మూయించింది.

ఇప్పుడు ఆ మాటే నలుగురి ముందు నిలబడి చెబుతుంది. కాగితం మీద రాసుకుంటోంది కూడా.

ఆ వారమంతా అతను చెప్పాలని చూశాడు. సోమవారం నోరు తెరిస్తే కుక్కర్ కూసింది. బుధవారం, నీతో ఒక మాట అన్నాడు. ఆమె కలం తీసుకుని, ఆగండి, రాసుకుంటాను, ఏ ఎపిసోడ్ గురించి అంది. గురువారం ఉత్తరం రాశాడు. మొదటి వాక్యంలోనే మూడు అబద్ధాలు దొర్లితే చించేశాడు. తను సిగ్గుపడితే పోయేదేమీ లేదు. ఆదివారం ఆమె తన మాట నమ్మి మైకు ముందు నిలబడుతుంది. ఆ రిజిస్టర్ ఇప్పటికీ అక్కడే, ఎవరైనా తెరిచి చూసే చోట ఉంది. ఎవరూ తెరవకపోయినా సరే, ఆమె నోట తన అబద్ధం పలికించడం ఇంక చేతకాదు.

శనివారం మధ్యాహ్నం ఆమె ల్యాబుకి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళలో అక్కడికి వెళ్ళడం నాలుగోసారేమో. గదంతా ప్లాస్టర్ పొడి, కాలిన మైనం వాసన. అరల నిండా ఎవరెవరివో నోళ్ళ అచ్చులు, తెల్లగా, తెరుచుకుని. ఆమె చిన్న కత్తితో చిగురు అంచు చెక్కుతోంది. తలెత్తి చూసి, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా అంది. బాగానే ఉన్నారన్నాడు.

"ఒక మాట చెప్పాలి."

"చెప్పండి. చేతులు ఖాళీ లేవు, చెవులు ఖాళీయే."

"ఆ వరస నాది కాదు."

"మరెవరిది?"

"రిజిస్టర్ది."

ఆమెకి అర్థం కాలేదు. అతను నిలబడే అంతా చెప్పాడు. ఎవరో ఇచ్చిపోయిన డిస్కు, గీతలు పడ్డ డిస్కు, చివర పడ్డ నంబరు. చెబుతుంటే కథ ఎంత చిన్నదో అతనికే తెలిసి, ఇంత చిన్నదాన్ని ఇన్నేళ్ళు మోశానా అని ఇంకాస్త కుంచించుకుపోయాడు. కత్తి ఆగిపోయింది.

"అంటే రెండుసార్లు చూశానన్నది?"

"ఒక్కసారి కూడా చూడలేదు."

"మనిషి తప్పు ముందే తెలిస్తే అని ఏదో అన్నారు. ఆ మాట?"

"అప్పటికప్పుడు కల్పించాను."

"ఎందుకు?"

"నువ్వు డిస్కులు పడేసి వెళ్ళిపోతావేమోనని."

ఆమె చేతిలోని పళ్ళ సెట్టుని జాగ్రత్తగా స్టాండు మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది. తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకుంది.

"మనం కలిసి చూసినప్పుడు మీరు ఏడ్చారే, అది?"

"అది నిజమే. నాకు అదే మొదటిసారి."

"అందుకే అంత ఎత్తు ఎగిరారు," అంది. పెదవి చివర నవ్వు వచ్చినట్టే వచ్చింది. దాన్ని రానివ్వలేదు ఆమె. "వరస గురించి నాకు కోపం లేదండీ. ఆడపిల్ల ముందు గొప్పలు పోని మగవాడు ఎక్కడున్నాడు. మెట్ల మీద నేనేమన్నానో గుర్తుందా?"

"ఉంది."

"అప్పుడు మీరేమన్నారు?"

"దానికి ఏమీ అనలేదు."

"అదీ నా కోపం. నా బతుకు తీసి మీ చేతిలో పెడుతున్నాను. ఎందుకు పెడుతున్నానో కూడా చెప్పాను. మీరు ఊరుకున్నారు."

అతను తల వంచుకున్నాడు. గోడ గడియారం కిందున్న అరలో తెల్లని నోళ్ళన్నీ అతని కేసే చూస్తున్నాయి.

"ఇంకేమైనా ఉన్నాయా ఇలాంటివి?"

"లేవు. ఇదొక్కటే."

"మా నాన్న ఇప్పటికీ అడుగుతుంటాడు తెలుసా? మిమ్మల్ని అడిగితే బాగుండదని నన్ను అడుగుతాడు. అల్లుడు చెప్పాడా అమ్మా అని. ఆయన అడిగినప్పుడల్లా నేను, మా ఆయన మాటలు తక్కువ మనిషి నాన్నా అని సర్దిచెప్పేదాన్ని." ఆమె మళ్ళీ కత్తి అందుకుంది. "ఇక వెళ్ళండి. సాయంత్రానికి ఈ పళ్ళు ఇచ్చెయ్యాలి. ఎవరో తినలేక కూర్చుని ఉంటారు."

ఆ సాయంత్రం ఆమె అవసరమైన మాటలు మాత్రం మాట్లాడింది. ఉప్పు అందుకోండి, కిటికీ వెయ్యండి. మర్నాడు పొద్దున్న అతను దండం పెట్టుకుంటుంటే వెనకనుంచి ఏ మాటా రాలేదు. బాత్రూమ్ లైటు ఆర్పి ఉంది. రోజూ అడిగే ప్రశ్న ఆ రోజు అడగబుద్ధి కాలేదతనికి. దేవుణ్ణి ఇవాళ తన పక్కన ఉంటే చాలని మాత్రం అడిగాడు.

లైబ్రరీ చదువుకునే హాల్లో నలభై కుర్చీలు వేశారు. కొడితే గానీ పలకని మైకు ఒకటి. ముందు వరసలో మామగారు కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. ఏళ్ళ తరబడి మోటార్ల హోరులో పని చేసిన చెవులవి. ఈమధ్య ఎడమది పూర్తిగా పోయింది, కుడిది దగ్గరికి వచ్చి చెబితే పని చేస్తుంది. ఆయన పక్కన భార్య. ఆమె పక్క కుర్చీలో మనిషి లేడు, ఆమె సంచి ఉంది. అతను వెనక వరసలో కూర్చున్నాడు.

లెక్కల మాస్టారు తీసినవాళ్ళు ఏ వరసలో చూపించారో ఆ వరసలో చూడడమే మర్యాద అన్నాడు. మందుల షాపాయన లేచి, మర్యాద సరే, మనవడు పుట్టాక తాత పుడితే ఎలా అన్నాడు. హాలు నవ్వింది. తరవాత ఆమెని పిలిచారు. ఆమె కాగితం లేకుండా మైకు దగ్గరికి వెళ్ళింది.

"మూడో వరస మా ఆయనది. ఆయనే చెప్తారు," అంది. అని, వచ్చి కూర్చుంది.

వెనక వరస నుంచి మైకు దాకా ఇరవై అడుగులు ఉంటుంది. అతను ఎలా నడిచాడో అతనికి గుర్తు లేదు. మైకు పట్టుకోగానే అది కుయ్యిమంది. ఒకసారి కొట్టాడు, పలికింది. ఈ వరస ఎవరూ ఆలోచించి పెట్టింది కాదని చెప్పాడు. తను అప్పటికి ఈ సీరియల్ చూడనే లేదనీ, చూశానని అబద్ధమాడి, రిజిస్టర్లో నంబర్లు చూసి రాసిచ్చాననీ చెప్పాడు. తన భార్య రెండేళ్ళుగా మీ అందరితో వాదించింది తన అబద్ధాన్ని నమ్మి అనీ, నవ్వాలంటే తనని చూసి నవ్వాలనీ చెప్పాడు. చెవులు కాలిపోతున్నాయి. అయినా చివరిదాకా చెప్పాడు.

"అంటే, మాస్టారూ," అన్నాడు మందుల షాపాయన, "మనం ఇన్నాళ్ళూ కొట్టుకు చచ్చింది గీతలు పడ్డ డిస్కు గురించా?"

హాలు మొత్తం గొల్లుమంది. పెద్దమేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నా సర్వీసులో ఆ రిజిస్టర్ని ఒక్కడైనా ఆఖరి గీత దాకా చదివాడు, సంతోషమయ్యా అంది. మళ్ళీ గొల్లుమంది. భార్య నవ్వలేదు. తల తిప్పుకోనూ లేదు. అతనికేసే చూస్తోంది.

అందరూ నవ్వుతుంటే మామగారు అటూ ఇటూ చూశారు. ఏమంటున్నాడమ్మా, మైకు నుంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు అన్నారు.

"నీకు ఆయనే చెప్తారు నాన్నా," అంది ఆమె.

నలభైమందికి చెప్పడం అయిపోయింది. ఒక్క మనిషికి చెప్పడం మిగిలింది. ఆ నలభైమంది కన్నా ఈ ఒక్కరూ బరువుగా తోచారు అతనికి. వెళ్ళి, ఆయన కుడి వైపున మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మామయ్యా, మూడో సీజన్ చివరెందుకు పెట్టావని అడిగారు."

"అడిగాను. చెప్పు."

"కారణం ఏమీ లేదు మామయ్యా. రిజిస్టర్లో అది చివర ఉంది. చూసి రాసేశాను. నేను అప్పటికి అది చూడలేదు. మీకు నిజం చెప్పడానికి సిగ్గేసి ఇన్నాళ్ళూ దాటేశాను."

కర్ర పిడి మీద ఆయన బొటనవేలు అటూ ఇటూ తిరుగుతోంది.

"మీ అత్తయ్య పోయిన కొత్తలో నాకు ఆమె ఆఖరి రోజులే కనిపించేవి," అన్నాడు మెల్లిగా. "ఆ ముసలాయన పోయి మళ్ళీ వచ్చాక, ఆమె కుర్రతనం గుర్తు రావడం మొదలైంది. మా మొదటి ఇల్లు, ఆమె కోపాలు. పోయినవాళ్ళు అలాగే వస్తారు, ఆఖరు ముందు, మొదలు తరవాత. నువ్వు అది తెలిసి పెట్టావనుకున్నాను."

"నాకు తెలియదు మామయ్యా."

"మరి నాకెలా తెలిసింది?"

ఆయన కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"అయితే అది నాదే అన్నమాట," అన్నాడు. ఆ మాట ఆయనకి నచ్చినట్టుంది. మళ్ళీ ఒకసారి లోపల అనుకున్నాడు, పెదవులు కదిలాయి. "ఈ ముక్క చెప్పడానికి ఎనిమిదేళ్ళు పట్టిందా నీకు?"

"సిగ్గేసింది."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ వేస్తోంది."

"వెయ్యనీ. లేచి కూర్చో, మోకాళ్ళు పోతాయి. నాకు తెలుసు ఆ బాధ."

అతను లేచాడు. భార్య పక్క కుర్చీ మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికి వెళ్ళాక మొదటినుంచీ చూడాలి, ఈసారి మాస్టారు చెప్పిన వరసలో, అబద్ధమాడకుండా అంది, ఎటో చూస్తూ. అలాగేనన్నాడు. ఆమె మోచెయ్యి అతని మోచేతికి తగిలి, తీసెయ్యకుండా అక్కడే ఉంది.

మామగారు కూతురి భుజం తట్టి, ఇటు తిరగమన్నట్టు సైగ చేశారు.

"చెప్పాడమ్మా," అన్నారు.